ఆరో టైరు

మే పద్నాలుగు, మధ్యాహ్నం రెండూ ఇరవై. చిలకలూరిపేట దాటాక జాతీయ రహదారి మీద ఒక ట్రావెల్స్ కారు వెనక ఎడమ టైరు పేలింది. కారు డివైడరు ఎక్కి అవతలి దారిలోకి వెళ్ళి, ఎదురుగా వస్తున్న సిమెంటు లారీని గుద్దుకుంది. కారులో ఐదుగురున్నారు. నలుగురు చనిపోయారు. డ్రైవరు బతికాడు.

చనిపోయినవాళ్ళది ఒంగోలు. హోమియో మందుల దుకాణం నడిపే ఈదర నరసింగం భార్య, కొడుకు, కోడలు, ఆరేళ్ళ మనవరాలు. భార్యకు విజయవాడలో కంటి ఆపరేషన్ చేయించి తిరిగి వెళ్తున్నారు. దుకాణం మూయడం ఇష్టం లేక నరసింగం ఊళ్ళోనే ఉండిపోయాడు.

డ్రైవరు పేరు తమ్మిశెట్టి శేషగిరి. వయసు యాభై రెండు. విజయవాడ పటమటలో ఉంటాడు. అంతకు ముందు అతని మీద కేసు లేదు.

పేలిన టైరు, చిల్లు పడితే తనంతట తానే మానే రబ్బరుతో చేసింది.

*

ఆ సమయానికి శేషగిరి మరదలు హైమ, విజయవాడ శివారు సూరంపల్లిలో ఉన్న టైర్ల కంపెనీ ల్యాబులో, అలాంటి టైరులోకే మేకు దించుతోంది. చుట్టూ వరంగల్ నుంచి వచ్చిన డీలర్లు నిలబడి ఉన్నారు.

"ఇప్పుడు పీకండి," అంది.

ఒక డీలరు పట్టకారుతో మేకు పీకాడు. గాలి బుస్సుమంది. హైమ స్విచ్ వేసింది. చక్రం తిరిగింది. రబ్బరు వేడెక్కేకొద్దీ బుస తగ్గింది, తర్వాత ఆగింది. చక్రం నిలిచాక డీలరు చిల్లు పడిన చోటును బొటనవేలితో తడిమాడు. దొరకలేదు.

"ఇగ పంక్చర్ షాపులోళ్ళు చాయ్ బండ్లు పెట్టుకోవాలె మేడం," అన్నాడు.

అందరూ నవ్వారు. హైమ కూడా నవ్వింది. వేడి తగిలితే రబ్బరు లోపలి గొలుసులు మళ్ళీ అల్లుకుంటాయని, చర్మం మానినట్టే మానుతుందని చెప్పింది. ఆ మాటలు మూడేళ్ళుగా చెబుతోంది. నిజానికి ఆ రబ్బరు ఆమెది కాదు, ల్యాబు అధిపతి విఠల్‌ది. ఆమెది ఆ టైరు లోపల ఉన్న ఒక పొర.

ఫోన్ మూడోసారి మోగాక బయటికి వెళ్ళి తీసింది. అక్క సువర్ణ.

"మీ బావ కారు గుద్దేసిందంటనే," అంది సువర్ణ. "గుంటూరు తీసుకెళ్తున్నారంట. బతికున్నాడంటున్నారు. నువ్వు రా."

గుంటూరు ఆసుపత్రిలో గది గుమ్మం దగ్గర కానిస్టేబుల్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. శేషగిరికి కాలరు ఎముక విరిగింది. నుదుటి మీద కుట్లు పడ్డాయి.

"పాపకి ఎట్టా ఉంది?" అని అడిగాడు.

హైమ అక్క వైపు చూసింది. సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళింది.

"టైర్లన్నీ కొట్టి చూశానే హైమా," అన్నాడు శేషగిరి.

"నువ్వు కొట్టకుండా ఏ రోజు బండి తీశావు బావా."

"మోగింది."

"మోగితే ఇంకేం. నీ తప్పేం లేదు."

"మోగడం మోగింది," అన్నాడు మళ్ళీ. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

*

విజయవాడ ట్రావెల్స్ డ్రైవర్లు బండి తీసే ముందు జాకీ రాడ్డుతో టైర్లను కొడతారు. గాలి చాలినంత ఉండి, లోపలి ఇనుప తీగల పట్టీ రబ్బరును అంటిపెట్టుకుని ఉంటే టైరు మోగుతుంది. గాలి తగ్గినా, పట్టీ ఊడుతున్నా శబ్దం మొద్దుబారుతుంది. గేజి పెట్టి చూసేవాళ్ళు కొందరే. రాడ్డుతో కొట్టనివాడు లేడు.

మానే రబ్బరు టైరు మొదట మోగేది కాదు. గాయం మాన్పుకోవాలంటే రబ్బరు మెత్తగా ఉండాలి. మెత్తటి రబ్బరు దెబ్బను మింగేస్తుంది. మూడేళ్ళ క్రితం కంపెనీ కొందరు డ్రైవర్లను యార్డుకు పిలిచి టైర్లు చూపించింది. వాళ్ళు ఒక్కొక్కరే రాడ్డుతో కొట్టి, పెదవి విరిచి పక్కకు తప్పుకున్నారు. వాళ్ళను తీసుకొచ్చింది శేషగిరే. అందరికన్నా ఆఖర్న తను కొట్టాడు.

"ఇదేం టైరు మరదలా? తడిగోడని కొట్టినట్టుంది."

"గాలి సరిగ్గానే ఉందండీ. గేజి చూడండి," అన్నాడు విఠల్.

"గేజి మీ జేబులో ఉంటది సార్. దార్లో నా దగ్గరుండేది ఈ రాడ్డే. పలకని టైరు మీద జనాన్ని ఎట్టా ఎక్కించుకుంటాను?"

డ్రైవర్లు వెళ్ళిపోయాక విఠల్ హైమను తన గదిలోకి పిలిచాడు. పలికేట్టు చేయగలవా అని అడిగాడు. చేయగలనంది.

రోడ్డుకు తగిలే తొక్కుడు రబ్బరుకూ తీగల పట్టీకీ మధ్య అట్టముక్క మందాన గట్టి పొర ఒకటి పెట్టింది. ఆ పొరకు ఇంకే పనీ లేదు. బండి బరువు మోయదు, గాలి ఆపదు. కొడితే మోగుతుంది. ఎంత మోగాలో ఆమెకు తెలియదు. తెలిసినవాడు శేషగిరి. బేరం లేని రోజున యార్డుకు వచ్చి, కళ్ళు మూసుకుని, వరసగా పెట్టిన టైర్లను కొట్టేవాడు.

"ఉహూ." ఇంకోటి కొట్టేవాడు. "ఉహూ. నోట్లో పునుగు పెట్టుకుని మాట్లాడినట్టుంది."

"అసలు ఏం వినపడాలి బావా నీకు?"

"మోత ఒక్కటే చాలదే. ఆగిపోయేటప్పుడు చివర్న తోక ఉండాలి. స్టీలు గ్లాసు కిందపడితే ఆఖర్న సన్నగా లాగుద్దే, అట్టా."

హైమ మైకు పెట్టి గ్రాఫు తీసింది. మోత కనిపించింది. తోక కనిపించలేదు. యార్డులో కంప్రెసరు ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. దాని రొదలో సన్నటి శబ్దమేదైనా మునిగిపోతే గ్రాఫులో కనిపించదు. ఆమె గ్రాఫు పక్కన పెట్టి అతని చెవినే నమ్ముకుంది.

"ఆ చెవి నాకిచ్చేయరాదూ. నా పని తొందరగా అయిపోతుంది."

"ఇస్తాలేగానీ, మీ అక్క మాటలు కూడా దాంతోపాటే వస్తాయి. రెండూ పట్టుకుపో."

విఠల్‌కు ఓపిక పోయింది. ఒకరోజు, "ఇది చాలదా శేషగిరిగారూ? మోగుతోంది కదా," అన్నాడు. శేషగిరి రాడ్డు కింద పెట్టాడు. "మోగలేదంటే మోగలేదు సార్. రేపు దీని మీద నలుగుర్ని కూర్చోబెట్టుకుని పోవాల్సింది నేను," అన్నాడు.

పద్నాలుగో నమూనా దగ్గర ఆగాడు. మళ్ళీ కొట్టాడు. కళ్ళు తెరిచి నవ్వాడు.

"పలికిందే నీ టైరు."

ఆ టైర్లు మొదట వేయించుకుంది అతనే. బెంజి సర్కిల్ దగ్గర స్టాండులో అందరినీ పిలిచి, రాడ్డు చేతికిచ్చి కొట్టించాడు. "మా మరదలు చేసింది. పంక్చరవదు, మోగుద్ది. ఇంకేం కావాలిరా మీకు?" అన్నాడు. ఏడాది తిరిగేసరికి స్టాండులో కార్లన్నిటికీ అవే వచ్చాయి. తర్వాత గుంటూరు, ఏలూరు, రాజమండ్రి స్టాండ్లకు వెళ్ళాయి.

ల్యాబులో మంచి టైర్లను కొట్టి చూశారు. పాడైన టైరును కొట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు. అప్పటికి పాడైన టైరు ఒక్కటీ లేదు.

*

ప్రమాదం తర్వాత పోలీసులు టైరు ముక్కల్లో ఒకదాన్ని పరీక్ష కోసం కంపెనీకి ఇచ్చారు. హైమ దాన్ని ఊదారంగు దీపం కింద పెట్టింది. ఆ వెలుతురులో మానిన గాయాలు తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. అరచేయంత ముక్కలో పదకొండు చుక్కలున్నాయి. ఒక్కో చుక్క కింద రబ్బరు కోసి చూసింది. తీగలు తుప్పుపట్టి ఉన్నాయి.

ఎలా జరిగిందో అర్థం కావడానికి పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. మేకు దిగుతుంది. రబ్బరు మూసుకునే లోపు రోడ్డు మీది నీళ్ళు లోపలికి వెళ్తాయి. ఆ నీళ్ళ మీద రబ్బరు మూసుకుంటుంది. మామూలు టైరైతే గాలి పోయేది, పంక్చర్ షాపుకు వెళ్ళేది, షాపువాడు రిమ్ము నుంచి విప్పి లోపల చూసేవాడు. తుప్పు కనిపిస్తే మార్చేయమనేవాడు. దీనికి గాలి పోలేదు. ఎవరూ విప్పలేదు.

విఠల్ వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు.

"పదివేల కిలోమీటర్లకోసారి విప్పి చూడాలని మాన్యువల్‌లో రాశాం," అన్నాడు.

"పంక్చరైందనే తెలియనివాడు ఎందుకు విప్పుతాడు సార్?"

"విప్పకపోతే తప్పు అతనిది. నా మాట కాదు హైమా, లాయర్ల మాట. చట్టం దృష్టిలో మనం చెప్పాల్సింది చెప్పాం."

"బావ కొట్టి చూశాడు సార్."

"కొట్టడాన్ని తనిఖీ అనరు."

"అనకపోతే మనం దానికోసం పొర ఎందుకు పెట్టాం?"

విఠల్ తన గదికి వెళ్ళిపోయాడు.

ఆమె కొత్త టైరు తీసుకుంది. మేకులు దించి, నీళ్ళు పోసి, మాననిచ్చి, యంత్రం మీద మూడు వారాలు పరుగెత్తించింది. లోపల తీగల పట్టీ జానెడు మేర ఊడిందని స్కానులో చూశాక, దించి, రిమ్ముకు వేసి, గాలి నింపి, రాడ్డుతో కొట్టింది.

మోగింది.

మంచి టైరును తెచ్చి పక్కన పెట్టి కొట్టింది. అదీ మోగింది. కంప్రెసరు రొద మధ్యే మైకు పెట్టి గ్రాఫులు తీసింది. ఒకదాని మీద ఒకటి పెడితే గీతలు కలిసిపోయాయి. మళ్ళీ మళ్ళీ కొడుతూ ఉంటే అద్దం అవతల నుంచి విఠల్ చూశాడు. లోపలికి వచ్చి రాడ్డు తీసుకుని తనూ ఒకసారి కొట్టాడు. రాడ్డును బల్ల మీద పెట్టాడు.

"వారం రోజులు ఎవరితోనూ అనకు. పైవాళ్ళతో మాట్లాడతాను," అన్నాడు.

మర్నాడు ఉదయం హైమ ఆఫీసుకు వచ్చేసరికి విఠల్ కారు పార్కింగులో ఉంది. దానికి ఇప్పుడు నాలుగూ మామూలు టైర్లున్నాయి. వారం అయింది. రెండు వారాలయ్యాయి. ఆ టైర్లు వాడొద్దని ఏ ప్రకటనా రాలేదు.

*

శేషగిరి బెయిలు మీద ఇంటికి వచ్చాడు. నిర్లక్ష్యంగా నడిపి నలుగురి మరణానికి కారణమైనట్టు కేసు పెట్టారు. స్టాండు నుంచి డ్రైవర్లు వచ్చి వెళ్తూ ఉన్నారు. ఒకతను, "శేషన్నా, మా టైర్లు కూడా మోగుతూనే ఉన్నాయి. వాడుకోవచ్చా?" అని అడిగాడు. శేషగిరి అతని ముఖం చూసి, లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

హైమ వెళ్ళినప్పుడు సువర్ణ కూరగాయలు తరుగుతోంది. చెల్లెల్ని కూర్చోమనలేదు.

"మీ కంపెనీ లాయరు టీవీలో చెప్పాడు, విన్నావా? డ్రైవరుదే తప్పంట. విప్పి చూసుకోలేదంట."

"విన్నానక్కా."

"నీ టైరుకి నోరిచ్చావుగా. దాన్నే కోర్టుకి తీసుకెళ్ళి చెప్పించు, ఎవరి తప్పో."

"అక్కా, నేను..."

"ఆయన నిన్ను ఎంట్రన్సు పరీక్షకి గంటలో గుంటూరు తీసుకెళ్ళాడే. బేరం వదులుకుని ఆ గేటు దగ్గరే కూర్చున్నాడు నువ్వు బయటికొచ్చేదాకా. గుర్తుందా?" సువర్ణ కత్తిపీట పక్కకు నెట్టింది. "యాభై రెండేళ్ళ మనిషి. జైల్లో ఎన్నాళ్ళుంటాడనుకుంటున్నావు?"

శేషగిరి తరఫు లాయరు కామేశ్వరి ఆ సాయంత్రం వచ్చింది. తన ఫోన్లో ఒక వీడియో చూపించింది. ప్రమాదం జరిగిన రోజు పెట్రోలు బంకు కెమెరాలో దొరికింది. డీజిలు పోయించుకున్నాక శేషగిరి రాడ్డు పట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నాడు. ముందు కుడి టైరు, ఒక దెబ్బ. ముందు ఎడమ, ఒక దెబ్బ. వెనక కుడి, ఒక దెబ్బ. వెనక ఎడమ, ఒక దెబ్బ. ఆగాడు. ఇంకో దెబ్బ. పాప కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అంది. ఇంకో దెబ్బ. నవ్వుతూ రాడ్డు డిక్కీలో పెట్టాడు.

"చూశారా, ఆ టైరును మూడుసార్లు కొట్టారు. ఇంతకన్నా జాగ్రత్త ఏముంటుంది?" అంది కామేశ్వరి.

"దాన్ని మూడుసార్లు ఎందుకు కొట్టావు బావా?" అని హైమ అడిగింది.

"పాప అడిగింది," అన్నాడు శేషగిరి. "ఇంకోసారి కొట్టు తాతా, అంది."

కామేశ్వరి ఫోన్ బ్యాగులో పెట్టుకుంది.

"పరిహారం కోసం నరసింగంగారు ట్రిబ్యునల్‌కి వెళ్ళారు. తప్పెవరిదో అక్కడ ముందు తేలుతుంది. అక్కడ తేలిందే క్రిమినల్ కేసులోనూ వాడతారు. అంతా ఒక్క ప్రశ్న మీద ఉంది. కొట్టి చూస్తే ఆ టైరు చెడిపోయిందని ఏ డ్రైవరుకైనా తెలిసే వీలుందా? లేదని తేలితే శేషగిరిగారు బయటపడతారు. ఉండీ బయల్దేరారంటే జైలే."

"వీలు లేదు," అంది హైమ. "నేను కొట్టి చూశాను. రెండూ ఒకేలా మోగుతాయి. మోగేలా చేసింది నేనే."

"ఆ మాట ప్రమాణం చేసి చెప్తారా? చెప్తే ఉద్యోగం ఉండదు. ప్రతివాదుల్లో మీ పేరు కూడా చేరుతుంది."

"చెప్తాను."

"నా కోసం నువ్వేం చెప్పొద్దు," అన్నాడు శేషగిరి.

"నీ కోసం కాదులే. ఉన్నది చెప్తున్నా. నువ్వు ఊరుకో బావా."

*

ట్రిబ్యునల్‌లో హైమ సాక్ష్యం గంటసేపు నడిచింది. పొర గురించి, మేకుల గురించి, నీళ్ళ గురించి, మూడు వారాల పరీక్ష గురించి చెప్పింది. కంపెనీ లాయరు ఆమెకు ముద్దాయితో ఉన్న చుట్టరికాన్ని రికార్డు చేయించాడు. బయటికి వచ్చేసరికి ఫోనుకు సస్పెన్షన్ మెసేజి వచ్చి ఉంది.

వరండాలో బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు.

"నేను నరసింగాన్నమ్మా. లోపల నువ్వు చెప్పిందంతా విన్నాను."

హైమ చేతులు జోడించింది.

"ఆ డ్రైవరు మీ బావ అన్నారు."

"అవునండీ."

"మంచివాడేనా?"

"మంచివాడండీ."

"నువ్వూ మంచిదానిలాగే ఉన్నావు," అన్నాడు. "ఆ కంపెనీ ఆయన కూడా లోపల నాకు కుర్చీ తెచ్చి వేశాడు. డబ్బు సంగతి అట్లా ఉంచమ్మా. ఎవర్ని తిట్టుకోవాలో తెలియక నిద్ర పట్టట్లేదు నాకు. అది తేల్చండి చాలు."

హైమ మాట ఒక్కదాని మీదే నిర్ణయించలేమని ట్రిబ్యునల్ చెప్పింది. దైవసహాయం అనే న్యాయవాదిని అడ్వకేట్ కమిషనర్‌గా వేసి, అందరి ముందూ పరీక్ష జరిపి నివేదిక ఇవ్వమంది.

*

అక్టోబరులో ఒక ఆదివారం ఉదయం, రవాణా శాఖ డ్రైవింగ్ టెస్టు మైదానంలో పరీక్ష జరిగింది. ఎనిమిది మానే రబ్బరు టైర్లను రిమ్ములకు వేసి, సమానంగా గాలి నింపి, వరసగా నిలబెట్టారు. వాటిలో ఒకటి లోపల చెడిపోయినది. పైకి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది చెడిందో ఒక ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరరు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేసి దైవసహాయానికి ఇచ్చాడు. హైమకూ తెలియదు, కంపెనీకీ తెలియదు.

మైదానంలో బండ్లు లేవు. గాలి లేదు. నరసింగం నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ముందు రాజమండ్రి స్టాండు నుంచి పిలిపించిన నలుగురు డ్రైవర్లు కొట్టారు. ఒక్కొక్కరు ఎనిమిదీ కొట్టి, ఎనిమిదీ మంచివే అన్నారు. దైవసహాయం టైపిస్టుకు చెప్పి రాయించాడు. కామేశ్వరి హైమ వైపు చూసి తల ఊపింది.

తర్వాత శేషగిరిని పిలిచారు. అతను తన రాడ్డే తెచ్చుకున్నాడు.

మొదటిది కొట్టాడు. "మంచిదండి." రెండోది, మూడోది, నాలుగోది, ఐదోది. "మంచిదండి." ఆరోది కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. వెనక్కి నడిచి ఐదోదాన్ని కొట్టాడు. తిరిగి వచ్చి ఆరోదాన్ని కొట్టాడు.

వెనక ఎడమ టైరు. ఒక దెబ్బ, ఆగడం, ఇంకో దెబ్బ. హైమకు పెట్రోలు బంకు వీడియో గుర్తొచ్చింది. ఏడోదానికి వెళ్ళు బావా, అనుకుంది. శేషగిరి కదల్లేదు.

"ఇది బాగోలేదండి," అన్నాడు.

"ఇంకోసారి ఆలోచించుకుని చెప్పండి శేషగిరిగారూ," అంది కామేశ్వరి.

"మీరు మాట్లాడకూడదు మేడం," అన్నాడు దైవసహాయం. శేషగిరి వైపు తిరిగాడు. "ఎలా చెప్తున్నారు?"

"మోత బాగానే ఉందండి. చివర్న తోక లేదు. తెగిపోతోంది." అతను పక్కకు తిరిగి రాజమండ్రి డ్రైవర్లను పిలిచాడు. "తమ్ముళ్ళూ, ఇట్రండి. మీ బండ్లకీ ఇయ్యేగా ఉన్నాయి. దగ్గరికొచ్చి వినండయ్యా." ఐదోదాన్ని కొట్టాడు. "ఇదిగో, ఆఖర్న లాగింది చూడు." ఆరోదాన్ని కొట్టాడు. "దీనికి లేదు. విన్నారా?"

నలుగురూ వంగి విన్నారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఏమో అన్నా. నాకు రెండూ ఒకటే," అన్నాడు ఒకతను.

అందరికన్నా చిన్నవాడు మోకాళ్ళ మీద కూర్చుని టైరు దగ్గర చెవి పెట్టాడు. "ఇంకోసారి కొట్టన్నా." శేషగిరి కొట్టాడు. "ఇంకోసారి." కొట్టాడు. ఆ కుర్రాడు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "లేదన్నా. తెలియట్లేదు," అన్నాడు.

కంపెనీ లాయరు ముందుకు వచ్చాడు. ఒక్క ప్రశ్న అడుగుతానన్నాడు.

"మే పద్నాలుగున పెట్రోలు బంకులో మీ కారు వెనక ఎడమ టైరు కొట్టారు. దానికి మీరు చెప్పే తోక ఉందా?"

"దానికి ఆయన జవాబు చెప్పనక్కర్లేదు," అంది కామేశ్వరి.

"చెప్పాలమ్మా," అన్నాడు శేషగిరి. "ఆయన వచ్చి కూర్చున్నారుగా." నరసింగం వైపు చూశాడు. తర్వాత రాడ్డును నేల మీద పెట్టాడు. "లేదండి."

"మూడుసార్లు కొట్టారు."

"రెండోసారి నా అనుమానానికి కొట్టాను. మూడోసారి పాప అడిగింది."

"అనుమానం ఉండి కూడా ఎందుకు బయల్దేరారు?"

శేషగిరి హైమ వైపు చూడలేదు.

"మా మరదలు చేసిన టైరు కదండీ," అన్నాడు. "నా చెవికే వయసొచ్చిందనుకున్నా."

దైవసహాయం ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు టైపు చేయించి, చదివి వినిపించాడు. శేషగిరి సంతకం చేశాడు. నరసింగం కుర్చీలోంచి లేచి గేటు వైపు నడిచాడు. ఎవరో పిలిచారు. అతను ఆగలేదు.

కవరు విప్పారు. కాగితం మీద ఆరు అని ఉంది. ఆరో టైరును రిమ్ము నుంచి విప్పి, రంపంతో కోశారు. లోపలి తీగలు తుప్పుపట్టి ఉన్నాయి.